వీసా గడువు దగ్గర పడింది, కార్డు రాలేదు: జర్మనీలో ఈలోగా మన నివాస హక్కు ఏమవుతుంది?

ప్రశ్న: ఖమ్మం బాటసారి (2025 నవంబరు)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. హైదరాబాదులో ఏడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఈ జూన్‌లో జర్మనీ దక్షిణ భాగంలోని ఒక మధ్యతరహా నగరానికి వచ్చాను. నగరం పేరు ఇక్కడ అవసరం లేదనుకుంటున్నాను, ఎందుకంటే ఇలాంటి కథ చాలా ఊళ్లలో నడుస్తున్నదేనని తోటి ఉద్యోగులు చెబుతున్నారు. నా జీతం ఏడాదికి 58,000 యూరోలు. వీసా బ్లూ కార్డు (నైపుణ్యం గల విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) కోసమే ఇచ్చారు, దాని మీద నా కంపెనీ పేరు కూడా ఉంది.

సమస్య ఏమిటంటే, పాస్‌పోర్టులో అతికించిన ఆ డి వీసా (దీర్ఘకాల జాతీయ వీసా) డిసెంబరు 12తో ముగిసిపోతుంది. వచ్చిన పది రోజులకే ఇల్లు దొరకడంతో, ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం తీసుకుని రెండు వారాల గడువు దాటకుండానే పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు, అంటే అన్‌మెల్డుంగ్, చేయించుకున్నాను. ఆ తర్వాత సెప్టెంబరు మొదటి వారంలో విదేశీయుల కార్యాలయం వెబ్‌సైటులో టెర్మిన్ (అధికారిని కలవడానికి ఇచ్చే తేదీ, సమయం) కోసం ఫారం నింపాను. అభ్యర్థన అందిందని, మళ్లీ మళ్లీ రాస్తే ఆలస్యం పెరుగుతుందని ఒక యాంత్రికమైన జవాబు వచ్చింది. అంతే. రెండు నెలలు దాటినా తేదీ ఇవ్వలేదు. ఒకరోజు ఉదయాన్నే నేరుగా వెళితే, టెర్మిన్ లేనివారిని లోపలికి పంపబోమని వాకిట్లోనే ఆపేశారు.

ఈలోగా మా కంపెనీ మానవ వనరుల విభాగం నుంచి, డిసెంబరు 12 తర్వాత చెల్లే నివాస అనుమతి నకలు పంపమని ఈమెయిలు వచ్చింది. పంపకపోతే జీతం ఆపుతారా, ఉద్యోగం నుంచి తప్పిస్తారా అన్నది వాళ్లు చెప్పలేదు, నేను అడగడానికి జంకుతున్నాను. దానికి తోడు, మూఢం వెళ్లాక ఫిబ్రవరి నెలాఖరున మా చెల్లెలి పెళ్లికి ముహూర్తం పెట్టారు. ఒక్కగానొక్క అన్నను కాబట్టి వెళ్లక తప్పదు. వెళ్లి, తిరిగి రాగలనా?

మా ఆవిడ హైదరాబాదులోనే ఉంది. నా కార్డు వచ్చేదాకా తన దరఖాస్తు ఆపాలని ఒకరు, జర్మన్ భాషలో ఏ1 (ప్రాథమిక స్థాయి) పరీక్ష పాసయితే తప్ప వీసా రాదని మరొకరు చెప్పడంతో ఆమె ఇప్పటికే అమీర్‌పేటలో తరగతులకు వెళుతోంది. నేర్చుకోవడం మంచిదే గానీ, అది షరతా కాదా అన్నది తెలిస్తే మనసు కుదుటపడుతుంది. డిసెంబరు 13 ఉదయం నేను ఈ దేశంలో చట్టబద్ధంగా ఉన్నవాణ్ణా, కాదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: ఎల్బే ఒడ్డున

నేను న్యాయవాదిని కాను. పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటూ, కొత్తగా వచ్చే మన పిల్లలకు ఈ కాగితాల పనిలో తోడుగా వెళుతూ నేర్చుకున్నదే చెబుతున్నాను.

మీరు ‘కార్డు ఎప్పుడు వస్తుంది’ అని ఆందోళన పడుతున్నారు గానీ, చట్టం చూసేది అది కాదు. వీసా ముగిసేలోగా మీరు దరఖాస్తు చేశారా లేదా అన్నదే చూస్తుంది. జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం ప్రకారం, చేతిలో ఉన్న అనుమతి గడువు ముగియకముందే పొడిగింపునకో, మరో రకం అనుమతికో దరఖాస్తు చేసినవారి పాత అనుమతి, అధికారులు నిర్ణయం తీసుకునే వరకు కొనసాగుతున్నట్టే లెక్క. డి వీసా కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మూడు నెలల షెంగెన్ పర్యాటక వీసా మాత్రం రాదు. అందుచేత మీ దరఖాస్తు డిసెంబరు 12కు ముందు అందితే, 13వ తేదీ ఉదయం మీరు చట్టబద్ధంగానే ఉంటారు. పనిచేసే హక్కు కూడా ఏ షరతులతో ఉందో అవే షరతులతో, అంటే అదే కంపెనీలో, కొనసాగుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మీరు సెప్టెంబరులో చేసింది దరఖాస్తా, లేక టెర్మిన్ ఇవ్వమన్న అభ్యర్థన మాత్రమేనా? రెండూ ఒకటి కాదు. ఆ రోజు నింపిన ఫారం నకలు బయటికి తీసి చూడండి. అందులో ‘నివాస అనుమతి మంజూరుకు దరఖాస్తు’ అనే మాట ఉండి, పాస్‌పోర్టు నకలు, ఉద్యోగ ఒప్పందం, ఆరోగ్య బీమా ధ్రువపత్రం జతచేసి ఉంటే మీరు నిశ్చింతగా ఉండవచ్చు. పేరు, పుట్టిన తేదీ, వచ్చిన పని అన్న మూడు గడులు మాత్రమే ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. ఈ వారంలోనే పూర్తి దరఖాస్తు ఫారం నింపి, కాగితాలన్నీ జతచేసి, కార్యాలయం ఆన్‌లైన్ పోర్టల్ ఉంటే దాని ద్వారా, లేకపోతే ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. మొదటి పేరాలోనే మీ వీసా ఏ తేదీతో ముగుస్తుందో, ఆలోగా బ్లూ కార్డు కోరుతున్నారని స్పష్టంగా రాయండి. ఏ దారిన పంపినా, గడువులోగా వాళ్లకు అందిందని రేపు చూపగలిగే రుజువు మీ దగ్గర ఉండాలి. రిజిస్టర్డ్ పోస్టు రసీదును పారేయకుండా దాచుకోండి.

దరఖాస్తు అందాక, ‘ఫిక్షన్స్‌బెషైనిగుంగ్’ అనే ధ్రువపత్రం అడగండి. మనవాళ్లు దీన్ని ముద్దుగా ‘ఫిక్షన్’ అంటారు. పేరు విని కల్పిత కథ అనుకోవద్దు, పాత అనుమతి ఇంకా ఉన్నట్టే చట్టం భావిస్తోందని చెప్పే అధికారిక పత్రం అది. రుసుము 13 యూరోలు. మీ హక్కు చట్టం వల్ల వస్తుందే తప్ప ఈ కాగితం వల్ల కాదు. అయినా, కంపెనీకీ విమానాశ్రయానికీ చట్టం చదివి వినిపించలేం కదా, కాగితమే చూపాలి. మీ కంపెనీ అడుగుతున్నది కూడా మీ మీద అనుమానంతో కాదు. విదేశీ ఉద్యోగి అనుమతి పత్రం నకలు దగ్గర ఉంచుకోవడం యజమానికి చట్టపరమైన బాధ్యత. ఫిక్షన్ నకలు ఇస్తే సరిపోతుంది. అది వచ్చేలోగా దరఖాస్తు అందిన రుజువును, 81వ సెక్షన్‌ను ప్రస్తావించే రెండు వాక్యాల ఈమెయిల్‌తో కలిపి పంపండి. జంకవలసిన పని లేదు.

పెళ్లి ప్రయాణానికీ ఇదే పత్రం ఆధారం. ఇది నిలువుగా మడత పెట్టిన కాగితం. మూడో పేజీలో మూడు గడులు ఉంటాయి, అధికారి వాటిలో ఒకదానికి టిక్కు పెడతాడు. 81వ సెక్షన్ నాలుగో ఉపవిభాగాన్ని సూచించే మూడో గడిలో టిక్కు ఉంటే, పాస్‌పోర్టుతోనూ ముగిసిపోయిన వీసాతోనూ కలిపి చూపి జర్మనీకి తిరిగి రావచ్చు. మొదటి గడి, అంటే మూడో ఉపవిభాగం కింద టిక్కు పెడితే ఇక్కడ ఉండవచ్చు గానీ, బయటికి వెళితే ఆ కాగితంతో తిరిగి రాలేరు. ఆ గడి వీసా అవసరం లేకుండా దేశంలోకి వచ్చే అమెరికన్ల వంటివారికి వర్తించేది. పని ఒత్తిడిలో పొరపాటు జరగడం నేను రెండుసార్లు చూశాను కాబట్టి, కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే మూడో పేజీ తెరిచి చూసుకోండి. పత్రం చెల్లుబాటు తేదీ మీ తిరుగు ప్రయాణం దాటి ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

ఒక సొంత అభిప్రాయం చెబుతాను. ఈ కాగితంతో ప్రయాణించేటప్పుడు మరో దేశంలో విమానం మారకుండా ఉంటే మంచిది. హైదరాబాదులో బోర్డింగ్ పాస్ ఇచ్చే ఉద్యోగి ముగిసిన వీసా చూసి తడబడటం సహజం. ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా వెళ్లే విమానం 2024 జనవరి నుంచి ఉంది. ఆ దారిలో పనిచేసేవారికి ఈ పత్రం కొత్త కాకపోవచ్చు.

సమాధానం: బెజవాడ ఆడపడుచు

పైన చెప్పినవారు చట్టం చక్కగా విడమరిచారు. నేను చిన్న విషయం చెబుతాను. ఇది ఏ చట్టంలోనూ ప్రముఖంగా కనిపించదు గానీ, నాకు నాలుగు నెలలు ఖర్చయింది.

మీ అపార్ట్‌మెంటు కింద ఉన్న ఉత్తరాల పెట్టె మీద మీ పేరు ఉందా?

ఇక్కడ ఫ్లాటు నంబరు చూసి ఉత్తరం వేయరు. చాలా భవనాల్లో అసలు ఫ్లాటు నంబర్లే ఉండవు. కవరు మీద ఉన్న ఇంటిపేరు పెట్టె మీద కనిపించకపోతే, పోస్టుమాన్ ‘ఈ చిరునామాలో దొరకలేదు’ అని రాసి వెనక్కి పంపేస్తాడు. నేను 2022లో వచ్చినప్పుడు పెట్టె మీద నా పేరు తెలుగువాళ్లు పిలుచుకునే పద్ధతిలో, ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం పెట్టి, దాని పక్కన పేరు రాశాను. బెజవాడలో అలాగే రాసుకుంటాం కదా. ప్రభుత్వ ఉత్తరాలన్నీ మాత్రం పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఉన్న మాట మీదే వస్తాయి. పదకొండు అంకెల పన్ను గుర్తింపు సంఖ్య రావలసిన ఉత్తరం అలాగే తిరిగి వెళ్లిపోయింది. ఆ సంఖ్య లేకపోవడంతో నా జీతంలో పన్నును అన్నిటికంటే ఎక్కువ కోత పడే ఆరో తరగతి కింద మినహాయించారు. తర్వాత సరిచేసి ఇచ్చారనుకోండి, కానీ కొత్త ఊళ్లో మొదటి మూడు నెలలు చేతిలో డబ్బు ఆడక పడ్డ అవస్థ నాకే తెలుసు. విదేశీయుల కార్యాలయం నుంచి వచ్చిన టెర్మిన్ ఉత్తరం కూడా అదే దారి పట్టింది. ఆ తేదీకి నేను వెళ్లలేదు కాబట్టి నాకు ఆసక్తి లేదని వాళ్లు ఫైలు పక్కన పెట్టేశారు. తప్పు నాదా, వాళ్లదా అని వాదించే ఓపిక అప్పుడు లేదు.

మీకు సెప్టెంబరు నుంచి జవాబు లేదంటే, ఈమెయిల్ మాత్రమే చూసుకుంటున్నారేమో ఒకసారి ఆలోచించండి. చాలా కార్యాలయాలు అభ్యర్థనను ఆన్‌లైన్‌లో తీసుకుని, జవాబు మాత్రం కాగితం మీద పంపుతాయి.

పేరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. మనలో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. అలాంటివారి కార్డు మీద పేరు ఎలా అచ్చవుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. తర్వాత బ్యాంకు ఖాతాలో ఒక రకంగా, బీమా కార్డులో ఇంకో రకంగా, నివాస కార్డులో మరో రకంగా ఉంటే, ప్రతి కౌంటర్ దగ్గరా ఇది నేనేనని నిరూపించుకుంటూ తిరగాలి. మీ ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉన్నా దాన్ని మార్చనవసరం లేదు. వాళ్లు చూసేది రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదైన వివాహ ధ్రువపత్రాన్ని. నా వీసా పుట్టింటి ఇంటిపేరుతోనే వచ్చింది.

అన్నట్టు, ఇండియా నుంచి తెచ్చుకున్న 35 బై 45 మిల్లీమీటర్ల ఫొటోల కట్ట ఇక పనికిరాదు. 2025 మే 1 నుంచి నివాస కార్డులకు డిజిటల్ ఫొటో మాత్రమే తీసుకుంటున్నారు. కార్యాలయంలోని యంత్రంలో గానీ, గుర్తింపు పొందిన స్టూడియోలో గానీ తీయించుకోవాలి. మా మరిది అమీర్‌పేటలో రెండు డజన్లు తీయించుకుని వచ్చాడు, ఇప్పుడు పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకుంటున్నాడు.

సమాధానం: సెక్షన్ల సుబ్బయ్య

ఎల్బే ఒడ్డున గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, టెర్మిన్ అభ్యర్థన దరఖాస్తు కాదని అంత గట్టిగా చెప్పడం అన్నిచోట్లా సరికాదు. కొన్ని నగరాల్లో ఆ ఫారాన్నే దరఖాస్తుగా పరిగణిస్తామని, టెర్మిన్ వచ్చే వరకు నివాసం, ఉద్యోగం యథాతథంగా కొనసాగుతాయని జవాబు ఈమెయిల్‌లోనే రాస్తారు. ఆ ఈమెయిల్ చివర్లో చిన్న అక్షరాల్లో ఉన్న పేరాను ప్రశ్న అడిగినవారు జర్మన్ తెలిసిన స్నేహితునితో చదివించుకోవాలి. భయపడి మళ్లీ మళ్లీ పంపితే ఒకే మనిషి పేరిట మూడు ఫైళ్లు తయారై అసలుకే మోసం వస్తుంది.

రెండో విషయం. గడువు దాటాక దరఖాస్తు చేస్తే అంతా అయిపోయినట్టే అని కొందరు బెదరగొడతారు. అదే నాలుగో ఉపవిభాగంలో, ఆలస్యంగా వచ్చిన దరఖాస్తుకు కూడా, అన్యాయమైన ఇబ్బంది కలుగుతుందనుకుంటే పాత అనుమతి కొనసాగినట్టు ఆదేశించే అధికారం కార్యాలయానికి ఉంది. అయితే అది వాళ్ల దయ, మన హక్కు కాదు.

మూడోది, పూర్తి దరఖాస్తు అందించాక మూడు నెలలు గడిచినా తగిన కారణం లేకుండా నిర్ణయం రాకపోతే, నిర్ణయం తీసుకోమని పరిపాలనా న్యాయస్థానంలో దావా వేయవచ్చు. మొదటి దశలో న్యాయవాది తప్పనిసరి కాదు. మనవాళ్లు కోర్టు అనగానే వెనకడుగు వేస్తారు గానీ, దీనివల్ల మీ ఫైలు మీద కక్ష పెట్టుకునే సంస్కృతి ఇక్కడ లేదు. నాకు తెలిసిన ఇద్దరికి, దావా వేయబోతున్నామని న్యాయవాది రాసిన ఉత్తరంతోనే టెర్మిన్ వచ్చింది.

ప్రశ్న అడిగినవారి జవాబు: ఖమ్మం బాటసారి

అందరికీ ధన్యవాదాలు. సెప్టెంబరు నాటి ఫారం తీసి చూశాను. ఎల్బే ఒడ్డున గారు ఊహించినట్టే పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య, వచ్చిన పని, అంతే. జతచేసిన పత్రం ఒక్కటీ లేదు. సుబ్బయ్య గారు చెప్పిన చిన్న అక్షరాల పేరాను మా జట్టులోని జర్మన్ సహోద్యోగితో చదివించాను. అందులో సమాచార గోప్యత గురించి తప్ప మరేమీ లేదట. కాబట్టి నిన్న రాత్రి కూర్చుని పూర్తి దరఖాస్తు నింపి, పదిహేడు పేజీలు స్కాన్ చేసి ఈమెయిల్ పంపాను, ఉదయం రిజిస్టర్డ్ పోస్టు కూడా చేశాను. పాత అభ్యర్థన సంఖ్యను పైనే రాశాను కాబట్టి రెండు ఫైళ్లు కావనుకుంటున్నాను.

ఇక సిగ్గుపడుతూనే చెబుతున్నాను. పెట్టె మీద నా పేరు లేదు. పాత కిరాయిదారుల పేరే ఉంది.

ఇంకొక సందేహం. మ్యూనిక్‌లోని వేరే కంపెనీ నుంచి మంచి అవకాశం వచ్చేలా ఉంది. కార్డు రాకుండా మారితే ఏమవుతుంది? ఇప్పటిదాకా గడిచిన నెలలు పీఆర్ (శాశ్వత నివాసం) లెక్కలోంచి పోతాయా?

సమాధానం: పాత విద్యార్థి

నేను చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగంలో చేరి, బ్లూ కార్డు మీదుగా గత ఏడాది శాశ్వత నివాసం తెచ్చుకున్నవాణ్ణి. కాబట్టి మీ చివరి ప్రశ్న నా దారిలోదే.

నెలలు పోవు. జాతీయ వీసా మీద చట్టబద్ధంగా ఉన్న కాలాన్ని తర్వాత వచ్చే అనుమతి కాలంలో కలపాలని నివాస చట్టం ఆరో సెక్షన్‌లోనే ఉంది. మీరు జూన్‌లో ఉద్యోగంలో చేరి, ఆ నెల నుంచే పెన్షన్ బీమా చందా కడుతున్నట్టయితే, లెక్క జూన్ నుంచే మొదలవుతుంది. కార్డు ఏప్రిల్‌లో చేతికొచ్చినా సరే. బ్లూ కార్డు ఉద్యోగంలో 27 నెలలు పూర్తయి, జర్మన్ ఏ1 స్థాయి ఉంటే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు. బీ1 (మధ్యస్థ) స్థాయి ఉంటే 21 నెలలకే చేయవచ్చు. 2023 నవంబరు 18కి ముందు ఆ 27 స్థానంలో 33 ఉండేది. ఆ తేదీకి కొద్ది నెలల ముందు దరఖాస్తు చేసిన మా సీనియర్లు ఇప్పటికీ ఆ ఆరు నెలల గురించి నిట్టూరుస్తుంటారు. ఇవిగాక, జర్మనీలో జీవనం అనే పరీక్ష ఉంటుంది. 33 ప్రశ్నల్లో 15 సరిగ్గా రాస్తే శాశ్వత నివాసానికి చాలు, పౌరసత్వానికైతే 17 కావాలి. అదెలాగూ రాయాలి కాబట్టి కష్టపడి 17 దాటించుకోండి. రుసుము 25 యూరోలు రెండోసారి కట్టనవసరం ఉండదు. శాశ్వత నివాస అనుమతి రుసుము 113 యూరోలు.

పెన్షన్ చందా నెలల సంగతి మాత్రం ఊహతో లెక్కపెట్టవద్దు. పెన్షన్ బీమా సంస్థ నుంచి మీ ఖాతా చరిత్ర తెప్పించుకోండి, ఉచితంగానే పంపుతారు. నాకు అందులో ఒక నెల కనిపించలేదు. విచారిస్తే, నేను చేరిన మొదటి నెలలో కంపెనీ నా పుట్టిన తేదీలో రోజునూ నెలనూ తారుమారు చేసి నమోదు చేసిందని తేలింది. ముందే చూసుకోకపోతే ఆ ఒక్క నెల కోసం దరఖాస్తు తిరిగివచ్చేది.

ఉద్యోగం మారే విషయంలో మాత్రం తొందరపడవద్దు. బ్లూ కార్డు చేతిలో ఉన్నవారు మొదటి పన్నెండు నెలల్లో మారాలంటే విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి. వాళ్లు ముప్పై రోజుల వరకు ఆపి పరిశీలించవచ్చు, షరతులు తీరకపోతే నిరాకరించవచ్చు. పన్నెండు నెలలు దాటాక ఆ బెడద లేదు. మీ స్థితి అంతకంటే సున్నితమైనది. మీకు ఇంకా కార్డు లేదు, కొనసాగుతున్నది డి వీసా, దాని మీద ఒక్క కంపెనీ పేరే ఉంది. రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా కొత్త చోట ఒక్క రోజు పనిచేసినా అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. పైగా మ్యూనిక్‌కు మారితే ఫైలు కూడా అక్కడి కార్యాలయానికి బదిలీ కావాలి, అంటే వరుసలో మళ్లీ వెనక నిలబడినట్టే. నేనైతే కొత్త కంపెనీవారిని వేసవి దాకా ఆగమని అడుగుతాను. ఆగనంటే, ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే ఒక గంట న్యాయవాది సమయం కొనుక్కుంటాను.

జీతం కూడా చూసుకోండి. బ్లూ కార్డుకు కావలసిన కనీస వార్షిక వేతనం 2024లో 45,300 యూరోలు ఉండగా, 2025లో 48,300కు పెరిగింది. ఐటీ వంటి కొరత వృత్తులకు అది 2025లో 43,759 యూరోల 80 సెంట్లు. జనవరి జనవరికీ ఇది మారుతుంది. మీ 58,000కు ఇబ్బంది లేదు గానీ, రేపు మీ ఆవిడ వచ్చాక పని గంటలు తగ్గించుకుందామనుకుంటే ఈ గీత గుర్తుంచుకోవాలి. ఎందుకంటే వాళ్లు చూసేది ఒప్పందంలో మొదట రాసిన జీతాన్ని కాదు, తగ్గించాక నిజంగా వచ్చే స్థూల జీతాన్ని.

ఆవిడ వీసా గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి వీసా కోసం జర్మన్ పరీక్ష షరతు కాదు. వచ్చిన తర్వాత ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, విడిగా అనుమతి అడగనవసరం లేదు. మీ కార్డు వచ్చేదాకా దరఖాస్తు ఆపాలన్న నియమం కూడా లేదు. వీసా కేంద్రంలో తేదీ దొరకడానికే వారాలు పడుతుంది కాబట్టి ఇప్పుడే పేరు నమోదు చేయించండి. అమీర్‌పేట తరగతులు మాత్రం మాన్పించవద్దు. వచ్చిన మొదటి చలికాలంలో మా ఆవిడకు తోడుగా నిలిచింది ఆ ఏ1 జర్మనే. ఎదురింటి ముసలావిడతో మెట్ల మీద నాలుగు మాటలు మాట్లాడగలిగింది.

సమాధానం: ఎల్బే ఒడ్డున

పాత విద్యార్థి గారి మాటకు ఒక్కటే చేర్పు. ఇండియాలో ఎక్కువ కాలం ఉండిపోవద్దు. సాధారణ నివాస అనుమతి ఉన్నవారు ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే అనుమతి దానంతటదే రద్దవుతుంది. బ్లూ కార్డుకు అది పన్నెండు నెలలు. మీ చేతిలో కార్డు లేదు, ఫిక్షన్ పత్రం మాత్రమే ఉంటుంది కాబట్టి, పెళ్లి పనులు, అప్పగింతలు, సత్యనారాయణ వ్రతం కలిపి మూడు వారాల్లో ముగించుకుని వచ్చేయండి. పెళ్లి హడావిడిలో ఆ మడత కాగితం ఏ సూట్‌కేసులోనో కలిసిపోకుండా పాస్‌పోర్టులోనే ఉంచండి. దాని నకలు చూపితే సరిహద్దు అధికారి ఒప్పుకోడు.

ప్రశ్న అడిగినవారి జవాబు: ఖమ్మం బాటసారి (రెండు వారాల తర్వాత)

జరిగింది చెబితే ఇలాంటి స్థితిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మీ జవాబులు చదివిన రోజు సాయంత్రమే, పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే ఇంటిపేరు ముందు రాసి పెట్టె మీద, కింద కాలింగ్ బెల్ పక్కన అతికించాను. మరుసటి సోమవారం భవనం కాపలాదారు తలుపు తట్టి, చేత్తో రాసిన కాగితాలు అతికించకూడదని, అందరివీ ఒకేలా ఉండే పలక చేయించాలని చెప్పి 15 యూరోలు తీసుకున్నాడు. పలక బిగించిన నాలుగో రోజున విదేశీయుల కార్యాలయం నుంచి కాగితం కవరు వచ్చింది. డిసెంబరు 4న టెర్మిన్ ఇచ్చారు. అందులోని మొదటి వాక్యం ప్రకారం, అక్టోబరులో వారు పంపిన ఉత్తరం అందజేయలేకపోవడంతో తిరిగి వచ్చిందట.

కౌంటర్ దగ్గర వేలిముద్రలు తీసుకుని, మార్చి నెలాఖరు వరకు చెల్లే ఫిక్షన్ ఇచ్చారు. కదలకముందే మూడో పేజీ తెరిచాను. టిక్కు మూడో గడిలోనే ఉంది. నేను అంత శ్రద్ధగా చూడటం గమనించి ఆ అధికారిణి, భారతీయులందరూ ఈ పేజీనే ఎందుకు ముందు చూస్తారని నవ్వుతూ అడిగింది. చెల్లెలి పెళ్లి ఉందని చెప్పాను. కంపెనీకి నకలు పంపాను, ‘ధన్యవాదాలు’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. మ్యూనిక్ వారిని జూన్ దాకా ఆగమన్నాను, ఇంకా ఏమీ తేల్చలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాదుకు నేరుగా వెళ్లే విమానంలో రాను పోను టికెట్లు తీసుకున్నాను.